ముల్లు నిలవని బండిల్లు

నేల సెలవు, మొదటి రోజు

ఈ పుస్తకంలో ప్రతి ఇంటివాళ్ళూ రోజూ రాయాలట. ఏది పాడైంది, ఎలా బాగుచేశారు, ఎన్ని లీటర్లు వాడారు. ఇదంతా ఎవరు చదువుతారని గేటు దగ్గర అమ్మాయిని అడిగితే, "ఎవరూ చదవరండీ, కానీ రాయాలి" అంది. ముప్పై ఒక్క ఏళ్ళు పాలిటెక్నిక్‌లో నీటి పీడనం, ప్రవాహం పాఠాలు చెప్పిన మనిషిని. ఎవరూ చదవనివి రాయించడం నాకు కొత్త కాదు. రాయడమే కొత్త.

నా పేరు విశాలాక్షి. బండిల్లు నంబరు నూట నలభై, పదిహేడో మజిలీ. ఇందులో నేనూ మా ఆయన గోవర్ధనం ఉంటాం. మా ఊరికి ఈ ఏడాది తొలిసారి నేల సెలవు వచ్చింది. బోర్లన్నిటికీ సీళ్ళు వేసి, రోడ్ల మీద తారు పలకలు పైకి లేపి, జనాన్ని చక్రాల ఇళ్ళలో ఎక్కించి, చినుకు పడని ఈ మెట్ట మీదికి తోలేశారు. డెబ్భై రోజులు వాన నీళ్ళన్నీ ఊరి నేల తాగుతుంది. తాగనీ, దానికీ దాహం ఉంటుంది. కానీ దాని దాహం తీరేదాకా ఇక్కడ నేను ఎవరెవరి ముఖాలు చూడాలో ఆ నేలకేం తెలుసు?

మజిలీలో రెండు వందల బండిళ్ళు. సగం మందికి ఏ గొట్టం దేనికో తెలియదు. మా ఆయన దిగీ దిగగానే చేసిన మొదటి పని నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టడం. బ్రేకు వేయడం రెండో పని. అప్పటికే బండి జానెడు వెనక్కి జరిగింది.

పక్క స్థలం నూట నలభై ఒకటిలో ఎవరనుకున్నారు? మా వియ్యపురాలు తాయారమ్మ. రెండు వందల స్థలాల్లో లాటరీ తీస్తే ఆవిడే రావాలా? నేను గొట్టాలు విప్పుతుంటే పదిమందిలో కేకేసి అడిగింది.

"వదినగారూ, ట్యాంకుకి గంగపూజ చేశారా? తొలిసారి నింపుకున్నాం కదా, పసుపూ అక్షింతలూ పడాలి."

నాకు పూజలంటే పడదని ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది. ఈవిడకి ఆచారాలేం తెలుసులే అని పదిమందీ అనుకోవాలన్నమాట. సరేనని లోపలికెళ్ళి పసుపు, కుంకుమ, గుప్పెడు అక్షింతలు అన్నీ వేసి, "అయింది" అని చెప్పి ఆవిడ నోరు మూయించాను.

ఇక్కడ నన్ను నిజంగా ఆందోళన పెడుతున్నది ఒక్కటే. మా అమ్మాయి హిమజకి నెలలు నిండుతున్నాయి. ఎనిమిదో రోజున ఇక్కడికి వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఈ డెబ్భై రోజులూ దాని పుట్టిల్లు ఈ రేకు డబ్బాయే. కానీ బండింట్లో కాన్పు జరగాలంటే నీళ్ళ పత్రం ఉండాలట. మజిలీ గొట్టం తగిలించి, నీళ్ళు ఎక్కించి, బయటి వాల్వు కట్టేయాలి. పన్నెండు గంటల పాటు ఒక్క కుళాయి కూడా తిప్పకూడదు. గేజీలో ముల్లు కదలకపోతే గొట్టాలు మంచివని పత్రం ఇస్తారు. పత్రం లేని బండి గడప కాన్పు నర్సు తొక్కదు. దగ్గర్లో పత్రం ఉన్న చుట్టాల బండికి తీసుకెళ్తుంది.

దగ్గర్లో పత్రం ఉన్న చుట్టాలు ఎవరో వేరే చెప్పాలా? తెల్లారకముందే దిగి పరీక్ష పెట్టించుకున్న తాయారమ్మకి ఇవాళ సాయంత్రమే వచ్చేసింది. తలుపుకి అంటించింది, పెళ్ళి శుభలేఖలాగా.

రెండో రోజు

గొట్టం తగిలించాను. కప్లింగు బిగించాను. ఆరు గంటలకి వాల్వు కట్టేశాను. ముల్లు మూడు దగ్గర నిలబడింది. ఆరూ నలభైకి రెండున్నర, ఏడున్నరకి ఒకటి. ఎనిమిదికి పడుకుంది.

కంపెనీ వాడి బిగింపులు అలా ఏడ్చాయి. మజిలీ ఆఫీసుకి ఇవ్వాల్సిన కాగితంలో కారణం "కంపెనీ లోపం" అని రాసిచ్చాను. ఈ బండి కొన్నప్పుడు వాడిచ్చిన పుస్తకం మొత్తం చదివాను, నూట పన్నెండు పేజీలు. తప్పులకి ఎర్ర సిరా వాడితే పుస్తకం రక్తసిక్తం అయ్యేది. పంపుకి ముందు ఒక జల్లెడ గిన్నె తప్పనిసరిగా బిగించాలని రాశాడు, బొమ్మ వేసి మరీ. ప్రవాహంలో ప్రతి అడ్డంకీ పీడనాన్ని తింటుందని మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. అందుకే దాన్ని బిగించనివ్వలేదు. పెట్టెలోనే ఉంది.

మూడో రోజు

వాషర్లు అన్నీ మార్చాను. ప్రతి మర బిగింపుకీ తెల్ల టేపు చుట్టాను. మా ఆయన పానా పట్టుకుంటే పాము తోక పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. పక్కన నిలబడి అందించమన్నాను. ఆరు సైజు అడిగితే తొమ్మిది ఇచ్చాడు, తొమ్మిది అడిగితే మంచినీళ్ళిచ్చాడు.

మళ్ళీ పరీక్ష. రెండు గంటల్లో ముల్లు పడుకుంది. ఎక్కడా చుక్క తడి లేదు. గొట్టాల కింద పాత న్యూస్ పేపర్లు పరిచాను, పొడిగా ఉన్నాయి.

సాయంత్రం మాత్రం కాలక్షేపం బాగుంది. ఇక్కడొక వింత ఆచారం, దాన్ని తప్పు చదువు అంటారు. ఎవరి బండిలో ఏ తప్పు దొరికినా, సాయంత్రం ఆరింటికి పెద్ద ట్యాంకు కింద మైకు పట్టుకుని వాళ్ళే చదవాలి. ఏం పాడైంది, ఎందుకు పాడైంది, తప్పు ఎవరిది. కొత్తవాళ్ళు విని నేర్చుకుంటారట. నేర్చుకోవడం సంగతేమో గానీ, నవ్వలేక నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి. ఒకాయన మంచినీళ్ళ గొట్టాన్ని మురుగు నోటికి బిగించి రెండు రోజులు తాగాడట. ఆయన భార్య "అందుకే పప్పు అలా ఉందా" అని గుంపులోంచి అరిచింది. ఇంకొకావిడ నీళ్ళు రావట్లేదని మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చింది. వాల్వు తిప్పలేదు. ఒక కుర్ర బ్యాంకు ఆఫీసరు తప్పంతా కంపెనీదేనని చదివాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

తిరిగొచ్చాక మా ఆయనకి ముగ్గురినీ అనుకరించి చూపించాను. నవ్వాడు. తర్వాత, "మన కాగితంలో కూడా కంపెనీ అనే రాశావుగా?" అని అడిగాడు. ఆయనకి తేడా అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

నాలుగో రోజు

మజిలీ నీళ్ళ మనిషి బసవయ్య వచ్చాడు. ఈ మెట్ట వాడే, చెవి వెనక పెన్సిలు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, నాడి చూస్తున్నట్టు.

"బయట యాడా కారల్యా మేడం. లోపల్నే యాడికో పోతాండాయి నీళ్ళు. పంపు ఇప్పి సూస్తాం."

"పంపుకీ దీనికీ సంబంధం లేదు. పంపు ట్యాంకు నీళ్ళకి. పరీక్ష మజిలీ నీళ్ళకి. మధ్యలో ఎన్నార్వీ ఉంది," అన్నాను. ఎన్నార్వీ అంటే నీళ్ళని ఒకవైపే పోనిచ్చే వాల్వు. మజిలీ గొట్టం నీళ్ళు పంపులోంచి వెనక్కి ట్యాంకులోకి పోకుండా అడ్డుపడే రేకు.

"ఆ ఎన్నార్వీనే సూస్తామంటాండ మేడం."

"నువ్వేం చదువుకున్నావు? బెర్నూలీ గురించి ఎప్పుడైనా విన్నావా?"

బసవయ్య నిజంగానే ఆలోచించాడు. "ల్యా మేడం. ఆయప్ప ఏ మజిలీలో పని సేస్తాడు?"

పంపించేశాను.

ఐదో రోజు

కుళాయి నీళ్ళు లేత పసుపుగా వస్తున్నాయి, పుల్లటి వాసన కూడా. మజిలీ పెద్ద ట్యాంకు తుప్పు పట్టి ఉంటుందని ఫిర్యాదు రాశాను, రెండు పేజీలు. తాయారమ్మ బండిలో నీళ్ళు తెల్లగానే వస్తున్నాయని మా ఆయన అన్నాడు. ఆవిడకి తెలుపు పసుపుల తేడా తెలుస్తుందా అని అడిగాను.

ట్యాంకు గేజీ కూడా పాడైంది. నిన్న ముప్పావు చూపించింది, ఇవాళ నిండు చూపిస్తోంది. మేం చుక్క కూడా పోయలేదు. ఈ కంపెనీ వాడికి ఒక్క ముల్లు సరిగ్గా పెట్టడం చేతకాలేదు.

ఆరో రోజు

ముల్లు పడుకుంది.

ఏడో రోజు

ఉదయం తాయారమ్మ గిన్నెతో వచ్చింది. లోపల కాకరకాయ పులుసు. పైకి ఆప్యాయత.

"హిమజ రేపేగా వదినగారూ? మరి మీకింకా పత్రం రాలేదంటున్నారు. చెప్పకూడదు గానీ, మా బండి ఎక్కడికి పోయింది? అదీ దాని ఇల్లేగా."

"పుట్టింటి పురుడు అత్తగారింట్లో చేయించుకునే దౌర్భాగ్యం నా కూతురికి పట్టలేదు."

"అయ్యో, నేనన్నది అది కాదు వదినా..."

ఆవిడ ఏమన్నదో నాకు తెలుసు. ఆ కళ్ళద్దాల వెనక కళ్ళు ఎంత సంతోషిస్తున్నాయో కూడా తెలుసు. పెళ్ళినాటి నుంచీ ఇదే వరస. అన్నీ తనకి వచ్చు. పప్పు ఎలా నానబెట్టాలి, గడపకి పసుపు ఎటునుంచి రాయాలి, పిల్లాడికి జ్వరమొస్తే ఏం తిప్పిపోయాలి. ఎనిమిదో తరగతి చదువు! నిజం రాయాలంటే పులుసు చాలా బాగుంది. గిన్నె కడగకుండా ఇచ్చాను.

మజిలీ ఆఫీసులో నా కాగితం సంగతి అడిగాను. "కంపెనీ లోపం" అని రాస్తే కంపెనీ మనిషి వచ్చి చూడాలి, పది రోజులు పడుతుంది. "ఇంటివారి పొరపాటు" అని కారణం రాసి, తప్పు చదువులో చదివితే, ఆ మర్నాడే బసవయ్య ట్యాంకు కడిగి, మందు వేసి, పరీక్ష పెట్టి వెళ్తాడు. తెలివైన ఏర్పాటే. పొరపాటు లేనివాళ్ళ చేత కూడా ఒప్పించేస్తారు.

ఎనిమిదో రోజు

హిమజ వచ్చింది. అల్లుడు సీళ్ళ కాపలా డ్యూటీలో ఊళ్ళోనే ఉండిపోయాడు. నడుం పట్టుకుని మెట్లెక్కుతూ ముక్కు ఎగబీల్చి, "ఏంటమ్మా, గంజి పులిసిన వాసన?" అంది.

"మజిలీ నీళ్ళు అంతే. మీ అత్తగారికైతే వాసనలు తెలియవు."

"అమ్మా, నేనెక్కడ కనాలి?"

"ఇక్కడ. నా ఇంట్లో."

"పత్రం?"

దాని సంచి అందుకుని లోపల పెట్టాను. అది నా ముఖం చూసి ఊరుకుంది. చిన్నప్పటి నుంచీ నా ముఖం చూసి ఊరుకోవడం దానికి అలవాటు.

మధ్యాహ్నం మూడింటికి మా ఆయన బయట్నుంచి పిలిచాడు. బండి కింద నీళ్ళు పారుతున్నాయి. ట్యాంకు పొంగు గొట్టంలోంచి ధారగా పోతున్నాయి.

"గేజీ పాడవలేదు విశాలా," అన్నాడాయన. "ట్యాంకు నిజంగానే నిండింది. మనం పొయ్యకుండా నిండిందంటే నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి?"

నేను నోరు తెరిచాను. ఇది నేను పాలిటెక్నిక్ పరీక్షలో ఏటా ఇచ్చే నాలుగో ప్రశ్న. ఒకవైపు పీడనం పడిపోతోంది, బయట తడి లేదు, మరోవైపు తొట్టిలో మట్టం పెరుగుతోంది. లోపం ఎక్కడో గుర్తించుము. ఐదు మార్కులు. రాయలేని పిల్లల్ని నిలబెట్టి ఏమేం అన్నానో రాస్తే ఈ పుస్తకం చాలదు. ఆ ప్రశ్న ఎనిమిది రోజులుగా నా ఎదురుగా ఉంది. కారిపోతున్న నీళ్ళు ఎన్నార్వీ దాటి వెనక్కి నా ట్యాంకులోకే పోతున్నాయి. నీళ్ళ మనిషి నాలుగో రోజే చెప్పాడు. గోవర్ధనానికి కూడా తెలిసింది. నాకు తెలియలేదు.

పానా తీసుకుని నేనే పంపు విప్పాను. ఆరు సైజు అడిగితే ఆరే ఇచ్చాడు.

మూత ఊడగానే పుల్లటి పసుపు నీళ్ళు నా మోచేతుల దాకా కారాయి. వాటితో పాటు బియ్యం వచ్చింది. ఉబ్బి, మెత్తబడి, పులిసిపోయిన పసుపు బియ్యం. ఎన్నార్వీ రేకు కింద మూడు గింజలు అడ్డంగా ఇరుక్కుని దాన్ని మూసుకోనివ్వకుండా తెరిచి పట్టుకున్నాయి. గోటితో తీశాను. అక్షింతలు.

జల్లెడ గిన్నె బిగించి ఉంటే అక్కడే ఆగేవి. అది పెట్టెలో ఉంది, నా లెక్క ప్రకారం.

గింజల్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. సిగ్గేసింది. ఇంకో మాటేదైనా రాస్తే అబద్ధం అవుతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న మాట ఎన్నో ఏళ్ళు ఎంతోమందిని అన్నాను. అది ఎలా ఉంటుందో ఇవాళ చూశాను.

తర్వాత కాగితం తీసుకుని కారణం రాశాను. "ట్యాంకులో అక్షింతలు వేయుట వలన. వేసినవారు: పి. గోవర్ధనం." రాసింది రాసినట్టు ఆయనకి చూపించాను. గింజలు ఎవరు వేశారో ఎవరికి తెలుసు? నిమ్మకాయలు పెట్టిన మనిషి అక్షింతలు కూడా వేశాడంటే ఎవరైనా నమ్ముతారు.

ఆయన చదివి తలూపాడు. "సరే. రేపు నేనే చదువుతాను."

"ఏమీ అనవా?"

"అనడానికేముంది? నన్ను చూసి నవ్వడం వాళ్ళకి కొత్త. నీకు కొత్త కాదుగా."

కోపంగా అనలేదు. పానా తుడుచుకుంటూ అన్నాడు, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను అన్న మాటల్లో గుర్తున్నది ఇదొక్కటే. ఇకమీద మర్చిపోయేది కూడా కాదు.

ఆయన పేరు కొట్టేశాను. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశాను.

తొమ్మిదో రోజు

ఆరు గంటలకి మైకు పట్టుకున్నాను. నాకు మైకు కొత్త కాదు, జనం కొత్త కాదు. నా తప్పు చదవడమే కొత్త.

"బండిల్లు నూట నలభై. పాడైంది ఎన్నార్వీ. కారణం, ట్యాంకు లోపల అక్షింతలు వేయడం, పంపుకి జల్లెడ గిన్నె బిగించకపోవడం. రెండూ చేసింది నేను. నా పేరు విశాలాక్షి. తప్పు నాది. కంపెనీది కాదు, మజిలీ నీళ్ళది కాదు, మా ఆయనది కాదు."

కాగితం మడిచాను. తర్వాత నవ్వులు. మురుగు గొట్టం పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు, ఆయనకా హక్కు ఉంది. నవ్వుల మధ్యలో తాయారమ్మ గొంతు ఖంగున మోగింది.

"లోపల వేశారా? అయ్యో వదినా, మూత మీద వెయ్యాలి! తాగే నీళ్ళలో బియ్యం ఎవరైనా వేస్తారా?"

నవ్వు రెట్టింపైంది. నేను అక్కడే నిలబడ్డాను. నాకు తెలియని ఆచారాన్ని చులకనగా చూసి, ఆ చులకనతోనే చేసి, తప్పుగా చేశాను. ఆవిడ ఎనిమిదో తరగతి బుర్రకి అది ఒక్క ముక్కలో తెలిసింది.

అయితే నవ్వులు ఎక్కువసేపు సాగలేదు. చూస్తుండగానే గుంపు వెనక నుంచి ఒకరూ ఇద్దరూ మెల్లగా జారుకోవడం మొదలుపెట్టారు, తమ తమ ట్యాంకుల వైపు. బ్యాంకు ఆఫీసరు దాదాపు పరిగెత్తాడు. బసవయ్య నా పక్కకొచ్చి లెక్కపెట్టి, "పదకొండు మంది మేడం. రేప్పొద్దున ఇంకా పని ఉండాది నాకు," అన్నాడు.

"ముందు నాది," అన్నాను.

"మీదే మేడం. సదివినోళ్ళది ముందు. సీకటితోనే ట్యాంకు కడిగి, మందేసి, గొట్టాలన్నీ పారించేస్తాం. ఆరింటికంతా ముల్లు పెడతాం."

పదో రోజు

ఉదయం ఆరింటికి బసవయ్య పరీక్ష పెట్టాడు. కడిగిన ట్యాంకు, కొత్త ఎన్నార్వీ, దాని ముందు జల్లెడ గిన్నె. ముల్లు మూడు దగ్గర నిలబడింది. ఏడింటికి మూడు, ఎనిమిదింటికి మూడు. సాయంత్రం ఆరు దాకా నిలిస్తే పత్రం. గోవర్ధనం పక్క వీధి నుంచి తాగడానికి రెండు బిందెలు మోసుకొచ్చాడు.

పదిన్నరకి హిమజ వంటగట్టు పట్టుకుని నిలబడిపోయింది. పది రోజులు గడువుంది కదా అన్నాను, పిచ్చిదానిలా. గడువు బిడ్డకి ఎవరు చెప్పారు?

కాన్పు నర్సు షాహీనా సంచితో పరిగెత్తుకొచ్చి తలుపు దగ్గరే ఆగింది.

"పత్రం?"

"ఆరింటికి వస్తుంది. ముల్లు నిలబడింది, చూడు, మూడు దగ్గరే ఉంది."

"ఆంటీ, నాకు మీ మాట నమ్మకమే. కానీ కాన్పుకి బోలెడు నీళ్ళు కావాలి. ఇక్కడ కుళాయి తిప్పితే పరీక్ష పోతుంది, తిప్పకపోతే కాన్పు కాదు. ఇంకో బండికి తీసుకెళ్దాం, లేవండి."

కూతుర్ని పట్టుకుని మెట్లు దిగాను. నూట నలభై ఒకటికి పన్నెండు అడుగులు. ప్రతి అడుగుకీ నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయానన్న ఏడుపు కాదని రాయాలని ఉంది. అదే ఏడుపు. నా బిడ్డ తొలి కాన్పు నా ఇంట్లో జరగలేదు, దానికి కారణం నేనే, ఆ మాట రేపట్నుంచి తాయారమ్మ ప్రతి పేరంటంలో చెబుతుంది.

తాయారమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. మమ్మల్ని చూసి లోపలికి జరగాల్సింది పోయి, చెప్పులేసుకుని కిందికి దిగింది. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవాళ ఇది మీ ఇల్లు వదినా. పురుడు వెళ్ళేదాకా మీదే. వేన్నీళ్ళు కాగుతున్నాయి, పాత చీరలు పై అరలో ఉన్నాయి. దీనికి తొలి కాన్పు పుట్టింట్లో జరిగినట్టే."

"మీరు...?"

"నేను మీ బండిలో ఉంటాను. ఆ ముల్లు దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలిగా. ఎక్కడ ఉండాలో చెప్పండి, కాపలా కాస్తాను."

మూడు అంకె చూపించమని గోవర్ధనాన్ని పంపాను. ఆవిడకి ఇంగ్లీషు అంకెలు వచ్చో రావో కూడా నాకు తెలియదు. ఆరేళ్ళ వియ్యం, ఎప్పుడూ అడగలేదు.

ఐదు గంటల పది నిమిషాలకి హిమజకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. పుట్టగానే కోపంగా ఏడ్చింది. హిమజ దాని ముఖం చూసి, "అచ్చం అమ్మే, తిడుతోంది," అంది. షాహీనా నవ్వింది, నేనూ నవ్వాను. అంతసేపూ ఆ బండి కుళాయిల్లోంచి ఎన్ని బిందెల నీళ్ళు వచ్చాయో, ఒక్కసారి కూడా సన్నగిల్లలేదు.

కబురు చెప్పడానికి ఐదూ నలభైకి నా బండికి వెళ్ళాను. గేజీ ముందు చిన్న స్టూలు మీద తాయారమ్మ కూర్చుని ఉంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండానే అంది.

"కదల్లేదు వదినా. వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

గోవర్ధనం నెమ్మదిగా చెప్పాడు. పదిన్నర నుంచీ ఆవిడ లేవలేదు. అన్నం తింటే కంచం కడగాలి, కడిగితే కుళాయి తిప్పాలి అని తినలేదు. బిందెలో నీళ్ళు ఇస్తే కూడా, ఏ నీళ్ళు ఏ గొట్టానికి సంబంధమో, తాగితే ముల్లు పడిపోతుందేమోనని తాగలేదు. ఏడు గంటల పది నిమిషాలు. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి.

గేజీని గంటకోసారి చూస్తే చాలు. ఈ సంగతి మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా చెబుతాడు. నా ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఇంత తెలివితక్కువ పని నేను చూడలేదు. ఇంత పని నాకోసం చేసినవాళ్ళని కూడా చూడలేదు.

"ఆడపిల్ల," అన్నాను. "ఇద్దరూ బాగున్నారు."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, కళ్ళు గేజీ మీదే ఉంచి. నేను గ్లాసు తీసుకుని కుళాయి తిప్పాను. నీళ్ళు తెల్లగా వచ్చాయి. ముల్లు ఊగి, మూడు నుంచి జారి, సున్నా దగ్గర పడుకుంది. ఆరింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"అయ్యో అయ్యో! ముల్లు!" తాయారమ్మ స్టూలు తన్నుకుని లేచింది. "ఏం పని చేశారు వదినా! పొద్దున్నుంచీ కూర్చున్నానే! ఒక్క ఇరవై నిమిషాలు ఆగలేకపోయారా? ఏం మనిషండీ మీరు, అంత చదువుకుని!"

"రేపు మళ్ళీ పెట్టుకుంటాను. ముందు తాగండి."

ఆవిడ ఆగలేదు. నా చదువునీ, నా తొందరనీ, నా పెడసరాన్నీ, పెళ్ళిలో నేనన్న ఏదో మాటనీ కలిపి వరసగా తిట్టింది. నా జీవితంలో మొదటిసారి ఎదురు మాట్లాడకుండా నిలబడి విన్నాను. తిడుతూనే గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. తాగి, మూతి తుడుచుకుని, ఇంకోటి పట్టమంది.